పెద్దలను మెల్లగా నడవమనకండి

సంపాదకులకు నమస్కారం.

మీ ఆరోగ్య పేజీలో అరవై దాటినవారి నడక గురించి వచ్చిన వ్యాసం చదివాను. వయసు మీద పడ్డాక ఆయాసం రాకుండా మెల్లగా నాలుగడుగులు వేస్తే చాలు, మెదడుకు రక్తం బాగా అందుతుంది అని అందులో రాశారు. మిగతా వ్యాసమంతా బాగుంది. ఆ ఒక్క మాటతోనే నాకు పేచీ. చాలామంది దాన్నే గుర్తుపెట్టుకుంటారు కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను.

నేను డాక్టరును కాను. మెడలో, తలలో రక్తం పారే తీరును డాప్లర్ యంత్రంతో పరీక్షించే టెక్నీషియన్‌గా మూడు దశాబ్దాలకు పైగా పనిచేసి రిటైరయ్యాను. ఇప్పుడు నాకు 67 ఏళ్లు. నా పరీక్ష గదికి వచ్చినవారిలో ఎక్కువమంది పెద్దవాళ్లే. కళ్లు తిరిగి పడినవారు, మాట తడబడి కాసేపటికి సర్దుకున్నవారు, పక్షవాతం నుంచి కోలుకుంటున్నవారు, ఈమధ్య పేర్లు గుర్తుండటం లేదని దిగులుగా వచ్చినవారు. బల్ల మీద పడుకోబెట్టి, తల ఒక పక్కకు తిప్పించి, మెడకు జెల్ రాసి, శబ్ద తరంగాలు పంపే ప్రోబ్ ఆనిస్తే, దవడ కింద కెరోటిడ్ ధమని రెండుగా చీలే చోటు తెర మీద కనిపిస్తుంది. స్పీకరులో రక్తం పోటెత్తే చప్పుడు వినిపిస్తుంది. ఏళ్ల తరబడి ఆ చప్పుడు వింటే, తెర చూడకముందే రక్తనాళం ఎలా ఉందో సగం తెలిసిపోతుంది.

మెడకు ముందువైపు, కుడి ఎడమల రెండు కెరోటిడ్ ధమనులు. వెనకవైపు వెన్నుపూసల రంధ్రాల గుండా పైకెక్కే మరో రెండు. మెదడుకు రక్తం చేరే ప్రధాన దారులు ఈ నాలుగే. శరీర బరువులో మెదడు వాటా రమారమి 2 శాతం. మనం కదలకుండా కూర్చున్నప్పుడు కూడా ఒళ్లంతా వాడుకునే ఆక్సిజన్‌లో 20 శాతం దాకా అదే తీసుకుంటుంది. నిమిషానికి ముప్పావు లీటరు రక్తం దానికి అందాలి. కండరానికి ఉన్నట్టు దానికి శక్తిని నిల్వ చేసుకునే వీలు లేదు. మెదడుకు రక్తం పూర్తిగా ఆగిపోతే పది సెకన్లలోపే మనిషి స్పృహ తప్పుతాడు. ఇంతగా రక్తం మీద ఆధారపడిన అవయవానికి వయసు పెరిగేకొద్దీ సరఫరా కొంచెం కొంచెంగా తగ్గుతూ వస్తుంది. జబ్బేమీ లేని ఆరోగ్యవంతుల్లోనూ తగ్గుతుంది.

నేను నా కళ్లతో చూసిన మార్పు రక్తనాళం గోడలో. పాతికేళ్ల వ్యక్తి మెడలో ధమని గోడ ప్రతి గుండెచప్పుడుకూ వెడల్పయి, మళ్లీ యథాస్థితికి వస్తుంది. తెర మీద ఆ కదలిక స్పష్టంగా కనబడుతుంది. డెబ్బై ఏళ్ల వ్యక్తిలో, అందులోనూ బీపీ, షుగర్ ఉండి ఏళ్ల తరబడి కుర్చీకే పరిమితమైన వ్యక్తిలో, ఆ గోడ కదిలీ కదలనట్టు ఉంటుంది. మందులిచ్చేటప్పుడు అందరూ పూడికల గురించే మాట్లాడతారు. గోడ గట్టిపడటం గురించి రోగికి చెప్పేవారు తక్కువ. మెత్తటి గోడ గుండె కొట్టిన దెబ్బలోని ఉద్ధృతిని తనలో ఇముడ్చుకుని, రక్తాన్ని నెమ్మదైన ధారగా పైకి పంపుతుంది. గట్టిపడిన గోడకు ఆ శక్తి ఉండదు. దెబ్బ దెబ్బలాగే పైకి పోతుంది. మెదడు నిరంతరం రక్తం కావలసిన అవయవం కాబట్టి, దాని నాళాలు లోపలికి వచ్చే రక్తానికి పెద్దగా అడ్డు చెప్పవు. ఆ పోటు వెంట్రుక కంటే సన్నని నాళాల దాకా చేరి వాటిని దెబ్బతీస్తుంది. పెద్దవాళ్ల ఎమ్మారైలో మెదడు లోపలి తెల్లని పదార్థంలో కనిపించే మచ్చలకు ఇది ఒక ముఖ్య కారణం.

ఆయాసం మాట ఇక్కడే వస్తుంది. వేగంగా నడిచినప్పుడు గుండె ఎక్కువ రక్తాన్ని తోస్తుంది. ఆ రక్తం నాళాల లోపలి పొరను ఒరుసుకుంటూ పారుతుంది. ఆ ఒరిపిడికి లోపలి పొరలోని కణాలు నైట్రిక్ ఆక్సైడ్‌ను విడుదల చేస్తాయి. నాళం సడలి వెడల్పవుతుంది. ఒంట్లో ఈ వాయువు చేసే పనిని కనుగొన్నందుకే ముగ్గురు శాస్త్రవేత్తలకు 1998లో వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. ఇది వారంలో చాలా రోజులు, నెలల పాటు జరిగితే, గట్టిపడిన గోడలు కొంతవరకు మెత్తబడతాయి. ఫోను చూసుకుంటూ, ముచ్చట్లు చెప్పుకుంటూ తిరిగే నడకలో గుండె వేగం కూర్చున్నప్పటికంటే కాస్తే పెరుగుతుంది. ఒరిపిడీ అంతే. ఏమీ చేయకపోవడం కంటే అది మేలు, కాదనను. కానీ మీ వ్యాసం చెప్పిన ఫలితం రావాలంటే అది చాలదు.

ఇది నా ఊహ కాదు. ఈ విషయం మీద జరిగిన మంచి ప్రయోగాల్లో పోలిక ఎవరితో పెట్టారో గమనించండి. అమెరికాలో 120 మంది పెద్దలను రెండు బృందాలు చేసి ఏడాది పాటు గమనించి, 2011లో ఫలితాలు ప్రచురించారు. ఒక బృందం వారానికి మూడుసార్లు గుండె వేగం పెరిగేలా నడిచింది. రెండో బృందం ఖాళీగా కూర్చోలేదు. ఒళ్లు సాగదీసే, కండరాలకు తేలికగా పనిచెప్పే వ్యాయామాలు చేసింది. జ్ఞాపకాలకు కీలకమైన హిప్పోకాంపస్ అనే భాగం నడిచినవారిలో దాదాపు 2 శాతం పెరిగింది. రెండో బృందంలో వయసుకు తగ్గట్టే 1.4 శాతం కుంచించుకుపోయింది. డాలస్‌లోని టెక్సాస్ విశ్వవిద్యాలయ సౌత్‌వెస్టర్న్ వైద్య కేంద్రం వారు 60 నుంచి 80 ఏళ్ల మధ్య వయసున్న 73 మందితో ఇలాంటి ప్రయోగమే చేసి 2022లో వెల్లడించారు. నేను చేసిన పనినే వారూ చేశారు. మెడలోని ధమనులను అల్ట్రాసౌండ్‌తో కొలిచారు. ఏడాది తర్వాత ఏరోబిక్ వ్యాయామం, అంటే గుండె వేగం పెంచే వ్యాయామం, చేసినవారిలో కెరోటిడ్ ధమని గట్టిదనం తగ్గింది, మెదడుకు చేరే రక్తం పెరిగింది. ఇక్కడా పోల్చింది సాగదీత వ్యాయామాలు చేసినవారితోనే. రెండు ప్రయోగాల్లోనూ రెండు బృందాల వారూ ఒళ్లు కదిలించారు. తేడా తెచ్చింది గుండె వేగం.

కెనడాలోని కాల్గరీలో సగటున 66 ఏళ్ల వయసున్న 206 మంది ఆరు నెలలు ఏరోబిక్ వ్యాయామం చేశాక, మెదడులోని ఒక ప్రధాన ధమనిలో రక్త వేగం 2.8 శాతం పెరిగింది. దాంతోపాటు ఆలోచనను ఒక పద్ధతిలో పెట్టుకునే సామర్థ్యం 5.7 శాతం మెరుగైంది. అది 2020 నాటి మాట. ఈ కొలత కణత మీద ప్రోబ్ పెట్టి తీసేది. పెద్ద వయసు స్త్రీలలో చాలామందికి కణత ఎముక గుండా శబ్ద తరంగాలు సరిగా దూరవు, ధమని దొరకడమే గగనమవుతుంది. పైగా ఈ పరీక్ష చెప్పేది రక్తం వేగాన్నే, పరిమాణాన్ని కాదు. నాళం వెడల్పు మారితే ఆ రెండూ వేరు వేరు. ఈ పని చేసినదాన్ని గనక అంకెల్ని ఆ మేరకే నమ్ముతాను. అయినా మెడ దగ్గర కొలిచినా, కణత దగ్గర కొలిచినా, స్కానింగులో చూసినా ఫలితం ఒకే వైపు మొగ్గుతోంది.

ఆయాసం మేలన్నానని ఎవరూ రొప్పుతూ పరుగెత్తవద్దు. మధ్యస్థమైన శ్రమ వరకు మెదడుకు రక్తం పెరుగుతుంది. అంతకు మించి ఎగశ్వాస వచ్చేలా శ్రమిస్తే రక్తంలోని కార్బన్ డయాక్సైడ్ పడిపోతుంది, మెదడు నాళాలు ముడుచుకుంటాయి, పెరిగిన రక్తం మళ్లీ తగ్గుతుంది. కాబట్టి కావలసింది నడిమి వేగం. దానికి యంత్రాలు అక్కర్లేదు. నడుస్తూ మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి. నేనూ మావారూ నడిచేటప్పుడు ఇదే చూసుకుంటాం. ఆయన గుండె వేగాన్ని అదుపులో ఉంచే బీటా బ్లాకర్ మాత్ర వాడతారు. ఆ మాత్ర వాడేవారిలో శ్రమకు తగ్గట్టు నాడి పెరగదు, కాబట్టి చేతి గడియారంలో కనిపించే అంకెను నమ్మితే మోసపోతారు. నేను ఏదో ఒకటి అడుగుతుంటాను, ఆయన రెండు ముక్కలు చెప్పి ఊపిరి తీసుకుని మూడో ముక్క చెబుతారు. అది సరైన వేగం. గుక్కతిప్పుకోకుండా కథంతా చెప్పేశారంటే అడుగు పెంచమంటాను.

నేను మీ పాఠకుల నుంచి దాచకూడని సంగతి మరొకటి ఉంది. అన్ని ప్రయోగాలూ అనుకూలంగా రాలేదు. 70 నుంచి 89 ఏళ్ల వయసున్న 1,635 మందిని అమెరికాలో రెండేళ్లు గమనించిన పెద్ద అధ్యయనం 2015లో వెలువడింది. ఓ మోస్తరు వ్యాయామం చేసినవారికీ, ఆరోగ్య పాఠాలు మాత్రమే విన్నవారికీ జ్ఞాపకశక్తిలో, ఆలోచనాశక్తిలో మొత్తం మీద తేడా కనబడలేదు. బ్రిటన్‌లో అప్పటికే డిమెన్షియా ఉన్న 494 మందితో చేసిన ప్రయోగం 2018లో వచ్చింది. వ్యాయామంతో వారి ఒంటి సత్తువ పెరిగింది కానీ మతిమరుపు ముదరడం ఆగలేదు. అందుకే, నడిస్తే మతిమరుపు మాయం అనే శీర్షికలు చూస్తే నాకు బాధ కలుగుతుంది. జబ్బు ముదిరిన తల్లిని చెయ్యి పట్టుకుని నడిపించి, ఫలితం లేదని కుమిలిపోయే కూతుళ్లు నాకు తెలుసు. వాళ్లకు ఆశ చూపించి దగా చేయకూడదు. ఈ ప్రయోగాల నుంచి నేను గ్రహించింది ఒక్కటే. రక్తనాళాల పనిని యాభైల్లో, అరవైల్లో, జబ్బు ఇంకా గడప తొక్కకముందే మొదలుపెట్టాలి. లాన్సెట్ పత్రిక నియమించిన నిపుణుల బృందం 2024లో డిమెన్షియాకు దారితీసే, మనం మార్చుకోగల కారణాలు పద్నాలుగు అని చెప్పింది. శారీరక శ్రమ లేకపోవడం వాటిలో ఒకటి. బీపీ, షుగర్, కొలెస్టరాల్ కూడా ఆ వరుసలోనే ఉన్నాయి, వాటి మీదా వ్యాయామం పనిచేస్తుంది.

ఇంట్లోవాళ్లతో కూడా ఒక మాట. పరీక్షకు తీసుకొచ్చిన కొడుకులు, కోడళ్లు నాతో ఎంతో ప్రేమగా చెప్పేవారు, 'నాన్నగారిని కుర్చీలోంచి లేవనివ్వమండీ, అన్నీ చేతికే అందిస్తాం' అని. వారి ప్రేమను నేను శంకించను. కానీ ఆ కుర్చీ ఆయన మెదడుకు మంచిది కాదు. మేరీలాండ్ విశ్వవిద్యాలయంలో ఏళ్ల తరబడి పరుగెత్తడం అలవాటైన, యాభై దాటిన పన్నెండు మందిని పది రోజులు వ్యాయామం మానమన్నారు. ఆ పది రోజులకే హిప్పోకాంపస్‌కు అందే రక్తం తగ్గింది. 2016లో వచ్చిన ఈ అధ్యయనం చిన్నదే. వారి ఆలోచనాశక్తిలో తేడా కనబడలేదు కూడా. అయినా అంత దృఢమైనవారికే పది రోజుల్లో అంత మార్పు వస్తే, జ్వరం తగ్గాక కూడా నెలల తరబడి మంచం దిగనివ్వని పెద్దవారి మాటేమిటి?

మొదలుపెట్టడానికి భయపడనక్కర్లేదు. 2011 నాటి ప్రయోగంలో నడిచినవారు ముందు పది నిమిషాలతోనే మొదలుపెట్టారు. వారానికి ఐదేసి నిమిషాలు పెంచుకుంటూ ఏడో వారానికి నలభై నిమిషాలకు చేరారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ శ్రమ కావాలంటుంది, తూలి పడకుండా వారానికి మూడు రోజులు ఒంటి నిలకడకు సంబంధించిన వ్యాయామాలు కూడా చేయమంటుంది. గుండెకు స్టెంటు పడినవారు, నడిస్తే ఛాతీలో బిగుతు వచ్చేవారు, మెడ ధమనిలో పూడిక ఉందని తెలిసినవారు, బీపీ అదుపులో లేనివారు ముందుగా డాక్టరును అడగాలి. వేగంగా నడిచి ఉన్నపళంగా ఆగిపోకూడదు. కాళ్లలోకి చేరిన రక్తం వెంటనే పైకి రాక కళ్లు తిరుగుతాయి. చివరి ఐదు నిమిషాలు అడుగు తగ్గించుకుంటూ రావాలి.

నాదొక విన్నపం. నడక మానేశామని నాతో చెప్పినవారిలో చాలామంది మోకాళ్ల నొప్పినే కారణంగా చూపేవారు. గుండె వేగం పెరగడానికి నడకే కానవసరం లేదు. కదలకుండా ఒకచోట నిలిచే వ్యాయామ సైకిలు తొక్కినా, నడుము లోతు నీటిలో నడిచినా, కుర్చీలో కూర్చుని చేతులు వేగంగా ఆడించినా సరిపోతుంది. వారికి ఏది ఎంతసేపు, ఎలా చేయాలో ఒక ఫిజియోథెరపిస్టు చేత బొమ్మలతో సహా రాయించి, మీ పేజీలో వేయండి. అక్షరాలు కాస్త పెద్దవిగా ఉంటే మా వయసువాళ్లు కత్తిరించి దాచుకుంటారు.

భవదీయురాలు,
రిటైర్డ్ డాప్లర్ టెక్నీషియన్