టైమింగ్ బెల్టు పని ఇకపై ఒక్క రోజులో ఇవ్వలేము

విశాఖపట్నంలో మా షెడ్డుకు బండ్లు తెచ్చే వారందరికీ నమస్కారం. డీజిల్ కార్ల టైమింగ్ బెల్టు (పిస్టన్లూ వాల్వులూ ఒకదానితో ఒకటి సరిగ్గా కలిసి కదిలేలా చేసే పళ్ల రబ్బరు బెల్టు) మార్చే పనిని పొద్దున తీసుకుని సాయంత్రానికి ముగించే పద్ధతిని ఈ నెల నుంచి మానేశాము. ఇకపై బండి రెండు రోజులు మా దగ్గరే ఉంటుంది, ఖర్చు కూడా కొంత పెరుగుతుంది. గత నెలలో మా చేతుల మీదుగా జరిగిన ఒక పొరపాటే దీనికి కారణం. దానిని మీరు మరొకరి నోట వినకముందే మేమే చెప్పడం సబబు.

మర్రిపాలెం నుంచి వచ్చిన ఒక కారుకు బెల్టు మార్చి అదే సాయంత్రం అప్పగించాము. మూడో రోజున యజమాని తిరిగి తీసుకొచ్చి, ఉదయం స్టార్ట్ కావడానికి చాలాసేపు పడుతోందని, సింహాచలం కొండ ఎక్కుతుంటే లాగడం లేదని, పొగ ఎక్కువగా వస్తోందని చెప్పారు. కవరు విప్పి చూస్తే, వాల్వులను తెరిచే క్యామ్ షాఫ్టు పుల్లీ మీది గుర్తు ఉండవలసిన చోటికి ఒక పన్ను వెనక ఉంది.

పిస్టన్లు తిప్పే క్రాంక్ షాఫ్టు రెండు చుట్లు తిరిగితే క్యామ్ ఒక చుట్టు తిరుగుతుంది. క్యామ్ పుల్లీకి 40 పళ్లు ఉన్నాయనుకుంటే, ఒక పన్ను తప్పడమంటే క్యామ్ దగ్గర 9 డిగ్రీలు, క్రాంక్ లెక్కలో 18 డిగ్రీలు తేడా వచ్చినట్టు. డీజిల్ ఇంజిన్లో పిస్టన్ పైకి వచ్చినప్పుడు ఇంజిన్ పై భాగమైన హెడ్డుకూ దానికీ మధ్య చాలా తక్కువ ఖాళీ ఉంటుంది కనుక, తేడా ఇంకొంచెం పెరిగినా, బెల్టు తెగినా, పిస్టన్లు వాల్వులను తాకి వంచేస్తాయి. అప్పుడు హెడ్డు దింపక తప్పదు.

తప్పు ఎక్కడ జరిగిందో దాచను. ఆ రోజు క్యామ్, క్రాంక్ కదలకుండా పట్టి ఉంచే లాకింగ్ పిన్నులు వాడకుండా, పుల్లీల మీద తెల్ల పెయింటుతో గీతలు పెట్టుకుని వాటి ఆధారంతో కొత్త బెల్టు ఎక్కించాము. బెల్టు తీయగానే వాల్వు స్ప్రింగుల ఒత్తిడికి క్యామ్ కొద్దిగా జరుగుతుంది. పైగా బెల్టు బిగువుగా ఉండవలసిన వైపు కొంచెం వదులు మిగిలిపోయింది. బెల్టును బిగువుగా ఉంచే టెన్షనర్ బిగించగానే ఆ వదులు లాగేసుకుని గుర్తు తప్పింది. బిగించాక క్రాంక్ బోల్టుకు పానా వేసి ఇంజిన్‌ను చేత్తో రెండు పూర్తి చుట్లు తిప్పి, గుర్తులు మళ్లీ కలిశాయో లేదో చూసి ఉంటే అక్కడే తెలిసిపోయేది. మా కుర్రాడు తిప్పి చూద్దామన్నాడు. సాయంత్రానికి ఇస్తానని మాట ఇచ్చిన తొందరలో నేనే వద్దన్నాను.

నాలుగు సిలిండర్లకూ కంప్రెషన్ (లోపలి గాలి ఒత్తిడి) చూశాము. అన్నీ సమానంగా వచ్చాయి, వాల్వులకు దెబ్బ తగలలేదు. వాడిన బెల్టును తిరిగి వేయకుండా మరో కొత్తది మా ఖర్చుతోనే వేసి, ఆ కారును వారి ఇంటికి తీసుకెళ్లి అప్పగించాము.

ఇప్పుడు మేము తరచూ చేసే ఇంజిన్లకు సరిపడే లాకింగ్ పిన్నులు కొన్నాము. మా దగ్గర సరిపడే పిన్నులు లేని ఇంజిన్ వస్తే, అవి తెప్పించేవరకు పని మొదలుపెట్టము. బెల్టుతో పాటు టెన్షనరు, బెల్టును దారిలో నడిపే ఐడ్లరు, బెల్టుతోనే తిరిగే రకమైతే వాటర్ పంపు కూడా మారుస్తాము. పాత టెన్షనర్ బేరింగు పట్టేసినా కొత్త బెల్టు పోతుంది కనుక, బెల్టు ఒక్కటే వేయమంటే ఒప్పుకోలేము. ఖర్చు పెరగడానికి ముఖ్య కారణం ఇదే. మొదటి రోజు విప్పడం, ఆయిల్ సీళ్లు కారుతున్నాయేమో చూడడం. రెండో రోజు బిగించడం, తిప్పి చూడడం. సముద్రం దగ్గర ఇళ్లున్న వారి బండ్లకు బోల్టులు తుప్పు పట్టి ఉంటాయి. వాటిని తొందరపెట్టి విప్పితే విరుగుతాయి.

తక్కువ తిరిగే బండి ఉన్నవారు కిలోమీటర్లు మాత్రమే చూసుకోవద్దు. రబ్బరు నిలబడి ఉన్నా పాతబడుతుంది కాబట్టి, మీ బండి పుస్తకంలో ఇచ్చిన సంవత్సరాల గడువు కూడా చూడండి. బెల్టుకు బదులు చైన్ ఉన్న డీజిల్ ఇంజిన్లకు ఈ బెల్టు పని ఉండదు. మీది ఏ రకమో తెలియకపోతే అడగండి.

గడచిన ఆరు నెలల్లో మా దగ్గర టైమింగ్ బెల్టు వేయించుకున్న వారందరి బండ్లకూ కవరు విప్పి, చేత్తో తిప్పి, గుర్తులు ఉచితంగా సరిచూస్తాము. ఇంజిన్ చల్లగా ఉండాలి కనుక ముందు రోజు రాత్రే బండి వదిలి వెళ్లండి. గుర్తులు చూసే సమయానికి మీరు కూడా పక్కన నిలబడితే మాకు సంతోషం.