క్రెడిట్ల లెక్క చేరికకు ముందే తేల్చాలి

సంపాదకులకు నమస్కారం.

ఒకటి రెండు సబ్జెక్టులను తాత్కాలికంగా వేరే కళాశాలలో చదివి, ఆ క్రెడిట్లను, అంటే బోధన గంటలను బట్టి ప్రతి పేపరుకూ ఇచ్చే పాయింట్లను, సొంత కళాశాల డిగ్రీలో కలుపుకునే వీలు మన విద్యార్థులకు కాగితం మీద ఎప్పుడో వచ్చింది. విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2021 జూలైలో ప్రకటించిన అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ (విద్యార్థుల క్రెడిట్లను డిజిటల్ ఖాతాలో జమచేసే వ్యవస్థ) నిబంధనల ప్రకారం, డిగ్రీ ఇచ్చే సంస్థలో కనీసం సగం క్రెడిట్లు సంపాదించినవారు మిగిలినవి ఈ పథకంలో నమోదైన ఇతర సంస్థల నుంచి తెచ్చుకోవచ్చు. ఉద్దేశం మెచ్చదగినదే. అయితే బయట చదివిన సబ్జెక్టు దేనికి సమానమన్న ప్రశ్న చాలాచోట్ల చదువు ముగిసి, మార్కుల మెమో చేతికొచ్చాకే తలెత్తుతోంది.

సిలబస్‌ను నిర్ణయించే బోర్డ్ ఆఫ్ స్టడీస్ సమావేశాల్లో కూర్చున్న విశ్రాంత అధ్యాపకుడిగా ఈ చిక్కు నాకు బాగా తెలుసు. రెండు సిలబస్‌లను పక్కపక్కన పెట్టి చూస్తే గణాంకశాస్త్రం పేపరులో యూనిట్లన్నీ దాదాపు ఒకటే. కానీ అక్కడ మూడు క్రెడిట్లు, ఇక్కడ నాలుగు. ఆ ఒక్క క్రెడిట్ లోటు కోసం విద్యార్థి మళ్లీ మొత్తం పేపరు రాయాలా, చిన్న ప్రాజెక్టు చేస్తే చాలా అన్నది ఎవరూ చెప్పరు. పేపరు పేరులో ఒక మాట తేడా ఉందని ఫైలు వెనక్కి పంపినవారూ ఉన్నారు. పైగా విద్యార్థి తెచ్చిన పత్రాలను క్రెడిట్ బ్యాంకు నేరుగా తీసుకోదు, చదువు చెప్పిన సంస్థే వివరాలు పంపాలి. నకిలీలను అరికట్టడానికి ఆ నియమం అవసరమే గానీ, అక్కడి పరీక్షల విభాగం ఆలస్యం చేస్తే చివరి సెమిస్టర్ విద్యార్థికి పీజీ ప్రవేశం చేజారిపోతుంది.

అమెరికాలో ఇలా ఒక టర్మ్ కోసం బయటికి వెళ్లే విద్యార్థి చాలా కళాశాలల్లో ముందుగానే సొంత కళాశాల అనుమతి తీసుకుంటాడు. ఏ కోర్సు దేనికి బదులో అప్పుడే ఖరారవుతుంది. మన దగ్గర కూడా చేరికకు ముందే ఏ పేపరుకు బదులు ఏ పేపరు, ఎన్ని క్రెడిట్లు, ఆ గ్రేడు సీజీపీఏలో (డిగ్రీ మొత్తం సగటు గ్రేడులో) కలుస్తుందా లేదా, ఫెయిలైతే సప్లిమెంటరీ ఎక్కడ రాయాలి అన్నవి ఒకే పత్రంలో రాసి, రెండు కళాశాలలూ సంతకం చేయాలి. కష్టమైన పేపరును తప్పించుకోవడానికి పిల్లలు సులువైన చోటు వెతుక్కుంటారన్న ప్రిన్సిపాళ్ల భయం అర్థరహితమేమీ కాదు. కాదనదలిస్తే అప్పుడే, కారణం రాసి కాదనవచ్చు. ఒకసారి ఒప్పుకున్నాక, ఫీజు కట్టి చదివి ఉత్తీర్ణుడైన విద్యార్థికి అభ్యంతరాలు చెప్పే హక్కు మాత్రం కళాశాలకు ఉండకూడదు.

రెండు తెలుగు రాష్ట్రాల ఉన్నత విద్యామండళ్లు ఇలాంటి నమూనా పత్రాన్ని రూపొందించి, ఫలితాలు వెలువడిన తర్వాత క్రెడిట్లు పంపడానికి గడువును కూడా అందులోనే నిర్దేశించి, వచ్చే విద్యా సంవత్సరం ప్రవేశాలలోపు కళాశాలలకు అందజేయాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత గణిత అధ్యాపకుడు