ఒక్క గిటార్‌తో పాడితే సగం కచేరీ కాదు

సంపాదకులకు,

డెబ్బై దాటిన రాక్ గాయకుడు బృందం లేకుండా గిటార్ పట్టుకుని వేదికెక్కితే మన దగ్గర వచ్చే వార్తలన్నీ ఒకే మూసలో ఉంటాయి. వయసు మీదపడింది, గొంతు తగ్గింది, అందుకే చిన్న హాళ్లు, చిన్న కచేరీలు అని రాసేస్తారు. హాళ్లలో సౌండ్ పని చేసే మా బోటివాళ్లకు ఈ మాట మింగుడుపడదు. గాయకుడికి తప్పులు దాచుకునే చోటు అంత తక్కువగా ఉండే కచేరీ మరొకటి లేదు.

రాక్ గాయకుడు జాన్ ఆండర్సన్‌నే తీసుకోండి. 1944లో ఇంగ్లండ్‌లోని అక్రింగ్టన్‌లో పుట్టారు. 1968లో బేస్ గిటార్ వాయించే క్రిస్ స్క్వయర్‌తో కలిసి లండన్‌లో ‘యెస్’ అనే రాక్ బృందాన్ని మొదలుపెట్టారు. 2008లో ఆండర్సన్‌కు శ్వాస సమస్య తీవ్రమై ఆస్పత్రిలో చేరాల్సి రావడంతో బృందం నలభై ఏళ్ల పండుగ యాత్ర రద్దయింది. ఆ తర్వాత బృందం వేరే గాయకుణ్ని పెట్టుకుంది. ఆండర్సన్ కోలుకుని 2009 నుంచి అకూస్టిక్ గిటార్, ఉకులేలే, డల్సిమర్ అనే తీగవాద్యాలతో, పియానోతో ఒంటరిగా ఊళ్లు తిరిగారు. 2023లో ‘బ్యాండ్ గీక్స్’ అనే పూర్తి బృందంతో మళ్లీ యాత్రకు బయల్దేరి, 2024లో వాళ్లతో కొత్త ఆల్బమ్ కూడా తెచ్చారు. ఒంటరి కచేరీలు ఆయనకు ఆఖరి మజిలీ కాలేదు.

అసలు కష్టం పాటల నిడివి దగ్గరే మొదలవుతుంది. 1972 నాటి ‘క్లోజ్ టు ది ఎడ్జ్’ పద్దెనిమిది నిమిషాలు దాటిన నాలుగు భాగాల పాట. 1971 నాటి ‘రౌండబౌట్’ ఎనిమిదిన్నర నిమిషాలు. ఆర్గాన్, బేస్, డ్రమ్స్, పక్కగొంతులు అన్నీ కలిస్తేనే నిలబడిన కట్టడాలు అవి. ఒక్కడే పాడేటప్పుడు వాద్యాల భాగాలు తీసేసి, పాడే చరణాలను నాలుగైదు నిమిషాలకు కుదించాలి. అయితే బేసి తాళాన్ని మాత్రం సాపు చేయకూడదు. మాటలు ఆ బేసి మాత్రల మీదే కూర్చుని ఉంటాయి కాబట్టి, సాపు చేస్తే పల్లవి ఎత్తుగడ జారిపోతుంది. ప్రేక్షకులు చప్పట్లతో తాళం వేయడం మొదలుపెడితే ఇంకో చిక్కు. పెద్ద హాలులో వెనక వరుసల చప్పట్లు వేదికను ఆలస్యంగా చేరతాయి, వాటిని పట్టుకుని పాడితే పాట ఈడ్చుకుపోతుంది. అనుభవమున్న గాయకుడు వాటిని పట్టించుకోడు, తన కాలితో వేసుకునే తాళం మీదే నడుస్తాడు.

ఇక శ్రుతి. ఆండర్సన్‌ది దొంగగొంతు (ఫాల్సెట్టో) అని చాలామంది అనుకుంటారు. కాదు, ఆయన సహజ గొంతే అంత ఎత్తున ఉంటుంది. వయసుతో స్వరతంత్రుల కండరం పలచబడి, అవి మధ్యలో పూర్తిగా మూసుకోవు. గాలి కారిపోతుంది, ఒక్క ఊపిరిలో పాడగలిగే పాట పంక్తి పొట్టిదవుతుంది. అందరూ పై స్థాయి పోయిందేమోనని చూస్తారు కానీ, ముందు దెబ్బతినేది మెల్లగా పాడే స్వరం నిలకడ. డ్రమ్స్ ఉంటే ఆ వణుకు వినపడదు, గిటార్ ఒక్కటే ఉంటే ప్రతి కుర్చీకీ వినపడుతుంది. మన కర్ణాటక విద్వాంసులు పెద్ద వయసులో ఒకటిన్నర శ్రుతి నుంచి ఒకటికి దిగితే ఎవరూ తప్పుపట్టరు. రాక్ గాయకుడు అదే పని చేస్తే మాత్రం ఓడిపోయాడని ఎందుకు రాయాలి?

దించడానికీ ఒక పద్ధతుంది. అర స్వరం, ఒక స్వరం దిగితే ఇబ్బంది లేదు. అంతకు మించి దిగితే చరణంలోని కింది స్వరాలు మాటలాడే గొంతు కంటే కిందికి పోయి, మాటలు నమిలినట్టుంటాయి. కార్డ్ ఆకారాలు (తీగల మీద వేళ్లు పెట్టే తీరు) మార్చి దించడం కంటే గిటార్ మొత్తాన్నే దించి శ్రుతి చేయడం మేలు. ‘రౌండబౌట్’ లాంటి ‘ఈ మైనర్’ (E minor) శ్రుతి పాటను ‘డీ మైనర్’ (D minor) ఆకారంలో పట్టుకుంటే, నొక్కకుండా మోగే తీగల నిండుదనమంతా పోతుంది. అయితే అర స్వరం దించితే తీగ బిగువు దాదాపు 11 శాతం, ఒక స్వరం దించితే దాదాపు 21 శాతం తగ్గుతుంది. వదులైన తీగ ఫ్రెట్లకు (గిటార్ మెడ మీది అడ్డ పట్టీలకు) తగిలి జుయ్యిమంటుంది. అందుకని 12 గేజ్ తీగల చోట కాస్త లావైన 13 గేజ్ వేయాలి. ఏదైనా పాట పాత శ్రుతిలోనే కావాలంటే, అర స్వరం దించిన గిటార్‌కు మొదటి ఫ్రెట్ మీద కాపో (తీగలన్నిటినీ ఒకేసారి నొక్కిపట్టే బిగింపు) పెడితే చాలు. తీగలు ముందు రోజే మార్చి లాగి ఉంచాలి. కచేరీకి గంట ముందు వేసిన కొత్త తీగ రెండో పాటకే దిగిపోతుంది.

ఎక్కువ కచేరీలు పాడయ్యేది సౌండ్ దగ్గరే, అందుకు గాయకుణ్ని తప్పుపట్టి లాభం లేదు. గిటార్ శాడిల్ (తీగలు ఆనే పట్టీ) కింద ఉండి కంపనాన్ని విద్యుత్ సంకేతంగా మార్చే పీజో పికప్‌ను, చవక పాసివ్ (కరెంటు అక్కర్లేని) డీఐ బాక్స్‌కు, అంటే సంకేతాన్ని మిక్సర్‌కు అందించే పెట్టెకు కలిపితే, ఆ పెట్టె ఇంపిడెన్స్ (విద్యుత్ నిరోధం) చాలక కింది ధ్వని మాయమై గిటార్ రేకు డబ్బాలా మోగుతుంది. కనీసం ఒక మెగా ఓమ్, వీలైతే పది మెగా ఓమ్‌ల ఇన్‌పుట్ ఉన్న యాక్టివ్ (కరెంటుతో పనిచేసే) బాక్స్ కావాలి. స్పీకర్ ధ్వని తిరిగి గిటార్‌లోకే చేరి హాలులో హుమ్మని పుట్టే ఫీడ్‌బ్యాక్‌కు కారణం చాలాసార్లు గిటార్ పొట్టే. దానిలోని గాలి సుమారు 100 హెర్ట్జ్ దగ్గర, పై చెక్క సుమారు 200 దగ్గర తమంతట తామే కంపిస్తాయి. ముందు ఫేజ్ స్విచ్ (సంకేతాన్ని తలకిందులు చేసేది) తిప్పి చూడాలి. తర్వాత గిటార్ రంధ్రానికి రబ్బరు మూత పెట్టాలి. అప్పటికీ తగ్గకపోతేనే ఆ హెర్ట్జ్‌ల దగ్గర మాత్రమే సన్నగా 3 నుంచి 6 డెసిబెల్స్ ధ్వని కోయాలి. చాలాచోట్ల ఈ వరుస తలకిందులు చేసి, మొదటే బేస్ (కింది ధ్వని) అంతా కోసేస్తారు. పక్కన బేస్ గిటార్ లేని కచేరీలో అది కోస్తే పాటకు నేలే ఉండదు.

గొంతు మైకు పెదవులకు రెండు నుంచి నాలుగు అంగుళాల దూరంలో ఉండాలి. మరీ దగ్గరైతే గొంతు బరువెక్కి మాట మసకబారుతుంది. 80–100 హెర్ట్జ్ కింది ధ్వనిని ఆపే హైపాస్ ఫిల్టర్ వేయడం మరవకూడదు. పక్కగొంతులు లేని వెలితిని రివర్బ్‌తో (కృత్రిమ ప్రతిధ్వనితో) పూడ్చాలని చూస్తారు. హాలుకే ప్రతిధ్వని ఉన్నప్పుడు అది అతి అవుతుంది. చెవిలో పెట్టుకునే మానిటర్లు గొంతుకు మేలే, తన స్వరం తనకు స్పష్టంగా వినపడితే గాయకుడు అరవడు. కానీ ప్రేక్షకుల వైపు ఒక జత మైకులు పెట్టి వాటిని కూడా చెవిలోకి పంపాలి. లేకపోతే ఎదుట ఎవరూ లేనట్టు ముడుచుకుపోయి పాడతాడు.

పాటల వరుస కూడా గొంతును బట్టే ఉండాలి. మొదటి పావుగంట మధ్యస్థాయి పాటలు, గొంతు బాగా తెరుచుకున్నాక ఎత్తైనవి. అన్నిటికంటే కష్టమైన పాటను చివరికి దాచిపెడితే అలసిన గొంతు మీద పడుతుంది. పాటల మధ్య రెండు మూడు నిమిషాలు కబుర్లు చెప్పడం ఊపిరి అందడానికే. ఆండర్సన్ కచేరీల్లో ఆ కబుర్లకూ అభిమానులున్నారు. మనవాళ్లకు ఆసక్తి కలిగించే సంగతి ఒకటుంది: 1973లో వచ్చిన యెస్ జంట ఆల్బమ్‌కు మూలం, పరమహంస యోగానంద ‘ఒక యోగి ఆత్మకథ’లో శాస్త్రాల గురించి ఉన్న ఒక అధోజ్ఞాపిక. దాన్ని చదివి నాలుగు భాగాలుగా, ఎనభై నిమిషాల సంగీతం అల్లారు. కబుర్లకూ హద్దుండాలి. హోరు మధ్య గట్టిగా మాట్లాడితే పాడినదానికంటే ఎక్కువ అలుపు.

మీ సంగీత పేజీ రాసేవారికి మా మనవి ఇదే. ఇలాంటి కచేరీ గురించి రాసేటప్పుడు పాట ఏ శ్రుతికి దిగింది, ఏం తీసేశారు, గిటార్ గిటార్‌లా వినపడిందా, వెనక ముందే రికార్డు చేసిన ట్రాక్ నడిచిందా లేదా అన్నది రాయండి. వయసు అంకె ఒక్కసారి రాస్తే చాలు. హైదరాబాద్, విజయవాడల్లో అకూస్టిక్ కచేరీలు పెట్టేవారు సౌండ్ చెక్‌కు కనీసం గంటన్నర ఇవ్వాలి, ఏసీ హోరు ఎంతుందో ఖాళీ హాలులో ముందే వినాలి. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఇలాంటి కచేరీకి టికెట్ కొనే తెలుగువారు బాల్కనీ కింది సీట్లు వదిలేసి, మిక్సర్ బల్లకు కాస్త ముందు, హాలు మధ్య వరుసలో తీసుకోండి.

భవదీయులు,
సభామందిరాల సౌండ్ సాంకేతికులు కొందరు,
సికింద్రాబాద్