గొర్రెల మంద, పెంగ్విన్ల గుంపు

మామా,

నీ ఉత్తరం దసరాకు వచ్చింది, జవాబు సంక్రాంతి దాటినంక రాస్తున్నా. తిట్టుకో, పడతాను. ఇంట్లో అందరూ బాగున్నారు, అమ్మకు మోకాళ్ల నొప్పులు అట్లనే ఉన్నయి, బోరు మళ్లీ పోస్తోంది. ఇక అసలు సంగతి విను, మొన్నటి నుంచి కడుపులో ఆగడం లేదు.

మూడో తరగతికి చలిదేశాల జంతువుల గురించి చెప్పాలి. మన అచ్చంపేట పిల్లలు మంచు ఎక్కడ చూశారు? చేపల దుకాణం నుంచి ఐసు తెచ్చి బకెట్ నీళ్లలో వేశాను. ఒక ప్లాస్టిక్ కవర్ లోపలంతా డాల్డా మందంగా పూసి, అందులో ఇంకో కవర్ దూర్చి, చెయ్యి పెట్టి ముంచమన్నాను. రెండో చేతికి ఉత్త కవర్లే. ఆ చెయ్యి "అమ్మో" అని వెంటనే బయటికి, డాల్డా చెయ్యి హాయిగా లోపలే! కొవ్వులోంచి ఒంటి వేడి తొందరగా బయటికి పోదు, ధ్రువపు ఎలుగుబంటి చర్మం కింద ఇది 10 సెంటీమీటర్ల దాకా ఉంటుందంటే, స్కేళ్లు తీసి పొట్టల మీద పెట్టుకుని చూసుకున్నారు. బకెట్ దగ్గర తోపులాట అచ్చం మన హాస్టల్ రగ్గు యుద్ధమే. ఎవరు గెలిచారో ఇప్పుడొద్దులే.

తర్వాత ఎంపరర్ పెంగ్విన్లు. అంటార్కిటికాలో మైనస్ 40 డిగ్రీల చలిలో మగపక్షి పాదాల మీద గుడ్డు పెట్టుకుని, రెండు నెలలకు పైగా తిండి లేకుండా పొదుగుతుందనీ, అన్నీ ఒత్తుకుని నిలబడతాయనీ చెప్పాను. "మరి అంచుకున్నవి చచ్చిపోవా సార్?" అని ఒక పిల్ల అడిగింది. నేను నోరు తెరిచేలోపే వెనక నుంచి ఒకడు లేచాడు. గొర్లు కాసే ఇంటి పిల్లవాడు, జూన్ నుంచి హాజరు పలకడం తప్ప మాట లేదు. "చావయి సార్. మా గొర్లు గంతే. బయటున్నయి లోపటికి దూరుతయి, లోపటియి బయటికొస్తయి. రాత్రంత గట్లనే."

పెంగ్విన్లు చేసేదీ అదే కదరా! గాలి తగిలే వైపు ఉన్నవి మెల్లగా చాటుకు జరుగుతుంటాయి. నాకు ఒళ్లు పులకరించింది. మర్నాడు వాడు తాత గొంగడి మోసుకొచ్చాడు. ఉన్ని పోగుల మధ్య గాలి చిక్కుకుని వేడిని పోనీయదని నేను చెప్తుంటే, వాడు ఒక్కొక్కరికీ కప్పి చూపించాడు.

కానీ మేత అయిపోతే వాళ్ల నాయన మందను నల్లమల దిక్కు తోలుకుపోతాడట, వీణ్ణి కూడా. రేపు వాళ్లింటికి పోయి మాట్లాడతా. హాస్టల్లో సీటు సంగతి నువ్వు ఒకసారి... బెల్లు కొట్టారు, పిల్లలు గడపలో ఉన్నారు. మిగతాది ఫోన్లో చెప్తా.