నవంబర్‌లో హాస్టల్ మూసేస్తున్నాం, బెడ్ ధర పెంచుతున్నాం

నమస్తే అండీ. రెండు విషయాలు ముందే చెప్పేస్తాను. నవంబర్ 1 నుంచి డిసెంబర్ 15 వరకు కోవళంలోని మా హాస్టల్ మూసి ఉంటుంది. మళ్లీ తెరిచాక డార్మ్‌లో, అంటే నలుగురూ కలిసి ఉండే గదిలో, బెడ్ ధర రాత్రికి 600 నుంచి 700 రూపాయలకు పెరుగుతుంది. ఈ మాట మన వాట్సాప్ గ్రూపులో పెట్టగానే చాలామంది అడిగారు. "జీఎస్టీ తగ్గింది కదా, మీరెందుకు పెంచుతున్నారు?" అని కొందరు. "మాకు సెలవులు దొరికేదే అప్పుడు, సరిగ్గా అప్పుడే మూసేస్తే ఎలా?" అని కొందరు. అడగాల్సిన ప్రశ్నలే. గ్రూపులో ముక్కలు ముక్కలుగా చెప్తే సగం మందికి అందదు, అందుకే కుదురుగా కూర్చుని రాస్తున్నాను.

కొత్తవాళ్ల కోసం ఒక్క మాట. మాది కేరళ కోవళం కాదు. చెన్నై నుంచి ఈస్ట్ కోస్ట్ రోడ్డు మీద మహాబలిపురం వైపు వస్తుంటే నలభై కిలోమీటర్ల దగ్గర తగిలే జాలర్ల ఊరు. తిరువనంతపురానికి టికెట్ తీసుకుని, దిగాక మాకు ఫోన్ చేసినవాళ్లు ఉన్నారు కాబట్టి చెప్పక తప్పదు. నెలకింత అని కట్టి ఉండే హాస్టల్ కూడా కాదు. బంక్ బెడ్, లాకర్, కామన్ బాత్రూమ్, రాత్రికి ఇంత అని లెక్క. అమ్మాయిలకు డార్మ్ వేరే.

ఇక నవంబర్ సంగతి. మా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువ మంది సిరుసేరి, షోలింగనల్లూరు ఆఫీసుల్లో పనిచేసే తెలుగు పిల్లలు. మిగతావాళ్లు హైదరాబాద్, విజయవాడ, గుంటూరు వైపు నుంచి వస్తారు. చెన్నైలో ఒక్క ఏడాది గడిపినవాళ్లకు ఇక్కడి వానాకాలం గురించి ఎవరూ చెప్పక్కర్లేదు. మా నెల్లూరు వాళ్లకూ అక్కర్లేదు. చిక్కంతా హైదరాబాద్ నుంచి వచ్చేవాళ్లతోనే. అక్కడ జూన్‌లో పట్టుకున్న వాన మహా అయితే దసరా దాకా ఉంటుంది. వానలు పోయాయి, ఎండ తగ్గింది, బీచ్‌కి ఇదే మంచి టైమ్ అనుకుని నవంబర్‌కు బుక్ చేస్తారు. మాకు అసలు వాన మొదలయ్యేది అప్పుడే. చెన్నైలో ఏడాది మొత్తం మీద దాదాపు 1,400 మిల్లీమీటర్ల వాన పడితే, అందులో సగానికి పైగా అక్టోబర్, నవంబర్, డిసెంబర్ నెలల్లోనే పడుతుంది. ఈశాన్య రుతుపవనాల వాన అది.

తుఫానులు కూడా ఆ రోజుల్లోనే. 2022లో మాండస్ డిసెంబర్ 9 రాత్రి మహాబలిపురం దగ్గర తీరం దాటింది. మహాబలిపురం మాకు పక్క ఊరి కిందే లెక్క. 2023 డిసెంబర్ మొదటి వారంలో మిగ్‌జాం చెన్నైని నీళ్లలో ముంచి, 5వ తేదీన బాపట్ల దగ్గర దాటింది. 2024లో ఫెంగల్ నవంబర్ 30న పుదుచ్చేరి దగ్గర దాటుతుంటే చెన్నై విమానాశ్రయాన్నే గంటల తరబడి మూసేశారు. మూడేళ్లు వరసగా వచ్చిన ఈ మూడూ నేను మూసేస్తానంటున్న నెలన్నర లోపలే పడ్డాయి. తేదీలు ఎందుకలా పెట్టావని అడిగినవాళ్లకు ఇదే జవాబు.

అయితే నిజానికి నాకు తుఫాను రోజంటే అంత భయం లేదు. ఆ రోజు ఎవరూ గది దాటి బయటికి రారు. వాన వెలిసిన మర్నాడు ఎండ కాస్తుంది చూడండి, నా టెన్షన్ అంతా ఆ రోజుతోనే. ఆకాశం శుభ్రంగా ఉంటుంది, గాలి చల్లగా ఉంటుంది, రెండు రోజులు లోపలే కూర్చున్న పిల్లలు ఉరుక్కుంటూ సముద్రానికి పోతారు. అడుగున ఏం మారిందో పైకి చూస్తే కనపడదు. ఏడాదిలో ఎక్కువ కాలం మా తీరం వెంట ఇసుక ఉత్తరం వైపు కదులుతుంది. ఈశాన్య గాలులు మొదలయ్యాక ఆ కదలిక దక్షిణానికి తిరుగుతుంది. సెప్టెంబర్‌లో నడుము లోతు ఉన్నచోట నవంబర్‌లో గొయ్యి ఉండొచ్చు. ఒడ్డు కోసుకుపోయి రెండడుగులు వేయగానే లోతు తగలొచ్చు.

ఒక నవంబర్‌లో ఇంజినీరింగ్ చదివే కుర్రాళ్లు కొందరు మా దగ్గర దిగారు. పొద్దున్నే వద్దని చెప్పాను. "అన్నా, మోకాళ్ల లోతు వరకే" అన్నారు. మోకాళ్ల లోతులోనే ఉన్నారు కూడా. ఒక పెద్ద అల వెనక్కి మళ్లుతూ ఒకణ్ని పడేసింది, తర్వాతి అల వచ్చేలోపు వాడు లోపలికి పోయాడు. ఒడ్డున వలలు బాగు చేసుకుంటున్న జాలర్లు చూశారు కాబట్టి సరిపోయింది. ఇద్దరు దూకి, తాడు పట్టుకుని వాణ్ని లాక్కొచ్చారు. బతికాడు. సాయంత్రం వాళ్ల అమ్మగారితో ఫోన్లో నేనే మాట్లాడాను. "మావాడికి ఈతొచ్చు బాబూ, చెరువులో నేర్చుకున్నాడు" అని అదే మాట మళ్లీ మళ్లీ అన్నారావిడ. వాళ్ల ఊరి చెరువులో ఆ అబ్బాయి నిజంగానే బాగా ఈదుతాడట.

చెరువులో నీళ్లు మనల్ని లాగవు. ఇక్కడ ఒడ్డుకు వచ్చిన నీళ్లన్నీ మళ్లీ ఎక్కడో ఒకచోట నుంచి లోపలికి పోవాలి. ఆ దారినే రిప్ కరెంట్ అంటారు. కొత్తవాళ్లు మోసపోయేది దాన్ని చూసే. చుట్టూ అలలు విరిగి నురగ కనిపిస్తుంది, మధ్యలో ఒక పాయ మాత్రం నురగ లేకుండా, కాస్త ముదురు రంగులో, నెమ్మదిగా ఉన్నట్టు ఉంటుంది. ఇక్కడ అలలు లేవు, ఇక్కడ దిగుదాం అనుకుంటారు. లాగేది అక్కడే. పొరపాటున అందులో పడితే ఒడ్డు వైపు ఎదురీదకండి, ఎంత గట్టి ఈతగాడికైనా దమ్ము అయిపోతుంది. వెల్లకిలా తేలండి, చెయ్యి ఎత్తండి, ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈదండి. ఆ పాయ వెడల్పు సాధారణంగా తక్కువే, పక్కకు బయటపడితే అలలే ఒడ్డుకు తోస్తాయి. మా దగ్గరికి వచ్చినా, మన రామాపురం బీచ్‌కు పోయినా, సూర్యలంక బీచ్‌కు పోయినా ఇది గుర్తుంచుకోండి.

అందుకని ఆ నెలన్నర మూసేస్తున్నాను. తెరిచి పెట్టి, నీళ్లలోకి దిగొద్దని కాపలా కాయడం నా వల్ల అయ్యే పని కాదు. సముద్రం దగ్గరికి వచ్చిన పిల్లల్ని ఎంతసేపని ఆపుతాం?

మిగతా పది నెలలకూ కొన్ని నియమాలున్నాయి. ఈతకు గుర్తు పెట్టి, లైఫ్‌గార్డులను ఉంచిన భాగం కోవళంలో ఉంది. 2021లో ఈ బీచ్‌కు బ్లూ ఫ్లాగ్ వచ్చింది, శుభ్రత, భద్రత బాగున్న బీచ్‌లకు ఇచ్చే గుర్తింపు అది. దిగితే అక్కడే దిగండి. సాయంత్రం ఆరు దాటాక నీళ్లలోకి వెళ్లొద్దు. మందు తాగి సముద్రం వైపు వెళ్తే మిగిలిన రాత్రుల డబ్బు చేతిలో పెట్టి గది ఖాళీ చేయిస్తాం, ఇందులో ఎవరికీ మినహాయింపు లేదు. సముద్రం మీద హెచ్చరికలిచ్చే ఇన్‌కాయిస్ సంస్థ మన హైదరాబాద్‌లోనే ఉంది. ఎత్తైన అలలు వస్తాయని వాళ్లు చెప్పిన రోజు రిసెప్షన్ పక్కన బోర్డు మీద ఎర్ర అక్షరాలతో రాస్తాం. ఫోన్ చూసుకుంటూ బోర్డు దాటిపోకండి, దయచేసి.

ఇప్పుడు డబ్బు సంగతి. జీఎస్టీ తగ్గిన మాట నిజమే. 2025 సెప్టెంబర్ 22 నుంచి రోజుకు 7,500 రూపాయల లోపు గదులకు పన్ను 12 శాతం నుంచి 5 శాతానికి వచ్చింది. కానీ ఆ 5 శాతంలో ఇన్‌పుట్ క్రెడిట్ లేదు. అంటే మేం ఏసీ కొన్నా, దుప్పట్లు కొన్నా, పెయింట్ కొన్నా వాటి మీద కట్టిన పన్ను ఇదివరకు మా లెక్కలో తగ్గేది, ఇప్పుడు తగ్గదు. అది మా మీదే పడుతుంది. మీ జేబు వైపు నుంచి చూస్తే, ఇదివరకు 600 బెడ్‌కు పన్నుతో 672 కట్టేవారు. ఇకనుంచి 700కు పన్నుతో 735 అవుతుంది. రాత్రికి 63 రూపాయలు ఎక్కువ.

ఆ డబ్బులో పెద్ద భాగం జీతాలకే పోతుంది. వంట చేసే అక్క, శుభ్రం చేసే ఇద్దరు, రాత్రి కాపలా ఉండే పెద్దాయన, అందరూ ఈ ఊరివాళ్లే. హాస్టల్ మూసిన నెలన్నర కూడా వాళ్లకు పూర్తి జీతం ఇస్తున్నాను. వానల్లో పడవ సముద్రంలోకి పోకపోతే వాళ్ల ఇళ్లలో వేరే రాబడి ఉండదు. అలాంటప్పుడు నేనూ జీతం ఆపితే అది ధర్మం కాదు. ఈ ఒక్క విషయంలో బేరం చేయలేను.

మిగతాది ఉప్పు గాలికి. సముద్రం పక్కన ఇల్లు నడిపేవాళ్లను ఎవరినైనా అడగండి. ఏసీ బయటి యూనిట్ రేకులు పొడిపొడిగా రాలిపోతాయి. స్విచ్ బోర్డుల్లో రాగి పచ్చబడుతుంది. ఇనుప బంక్ బెడ్‌లకు ఏటా రంగు వేసినా తుప్పు లోపలి నుంచి వస్తూనే ఉంటుంది, అందుకే ఈ విరామంలో వాటిని తీసేసి చెక్కవి పెట్టిస్తున్నాం. నీళ్ల ఖర్చు సరేసరి. ఇక్కడికి కాస్త దక్షిణాన నెమ్మెలిలో సముద్రపు నీటిని మంచినీరు చేసే ప్లాంటు 2013 నుంచి నడుస్తోంది, 2024లో దాని పక్కనే ఇంకోటి వచ్చింది. ఆ నీళ్లు దక్షిణ చెన్నై నగరానికి పోతాయి. మా బోరులో వచ్చేది ఉప్పు నీళ్లు, స్నానానికి ట్యాంకర్ కొనాలి. షవర్ వదిలేసి పాటలు వినేవాళ్లు ఇది కాస్త గుర్తుపెట్టుకుంటే చాలు.

ధర పెరిగింది కదా, పైన సముద్రం కనిపించే గది కట్టండి అని ఒకరు రాశారు. కుదరదండీ. పోటు గీత నుంచి 500 మీటర్ల దాకా సీఆర్‌జెడ్, అంటే తీరం దగ్గర కట్టడాలను అదుపు చేసే నిబంధనలు ఉంటాయి, ఇష్టం వచ్చినట్టు అంతస్తులు లేపే చోటు కాదిది. మా కిటికీలోంచి సముద్రం కనపడదు. ఐదు నిమిషాలు నడవాలి. ఫోటోల్లో కూడా అందుకే వీధినే పెట్టాం.

మరి ఎప్పుడు రావాలి? నన్నడిగితే సంక్రాంతి నుంచి మార్చి మధ్య వరకు. చలి అనిపించని చల్లదనం, మబ్బు లేని ఆకాశం. కేళంబాక్కం నుంచి కోవళానికి వచ్చే దారిలో ఉప్పు మడుల దగ్గర ఆ రోజుల్లో వలస పక్షులు దిగుతాయి, పొద్దున్నే వస్తే ఆటో ఆపి చూడండి. రాత్రులు ఒడ్డున తాబేళ్లు గుడ్లు పెట్టే కాలం కూడా అదే, ఆలివ్ రిడ్లీ తాబేళ్లు. అవి కనిపిస్తే టార్చ్ వేయకండి, ఫ్లాష్ కొట్టకండి, వెలుతురుకు బెదిరి గుడ్లు పెట్టకుండానే వెనక్కి పోతాయి. డిసెంబర్ చివర్లో వచ్చేవాళ్లకు మహాబలిపురంలో నాట్యోత్సవం ఉంటుంది. 31 రాత్రి బీచ్ మీద పార్టీ అనుకుని మాత్రం రాకండి, పోలీసులు ఆ రాత్రి బీచ్‌ల దగ్గర గట్టి ఆంక్షలు పెడతారు.

సర్ఫింగ్ కోసం అయితే మే నుంచి సెప్టెంబర్ వరకు అలలు బాగుంటాయి. ఎండ మాత్రం మండిపోతుంది, మొదటే చెప్తున్నాను. ఊళ్లో నేర్పేవాళ్లు చాలావరకు జాలర్ల కుటుంబాల పిల్లలే, సముద్రం వాళ్లకు పుట్టినప్పటి నుంచీ తెలుసు. చేపల కూర కోసం వచ్చేవాళ్లు ఇంకో సంగతి చూసుకోండి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు తూర్పు తీరంలో మర పడవలు వేటకు వెళ్లకూడదు. చిన్న ఫైబర్ పడవలు వెళ్తాయి, చేప దొరుకుతుంది, కానీ ధర పైకి పోతుంది. ఆ రెండు నెలలు మా వంట అక్క వంజరం ముక్కలకు బదులు ఎక్కువగా నెత్తళ్ల వేపుడు చేస్తుంది. నా మటుకు నాకు అదే ఇష్టం.

నీళ్లలోకి దిగే ఆలోచనే లేని పెద్దవాళ్లతో వస్తే ముట్టుకాడులో దక్షిణచిత్ర చూపించండి. దక్షిణాది రాష్ట్రాల పాత ఇళ్లను ఊళ్లలోంచి విప్పి తెచ్చి అక్కడ మళ్లీ నిలబెట్టారు. మన ఉత్తరాంధ్ర తీరపు చుట్టిల్లు కూడా ఉంది, గాలివానకు తట్టుకునేలా గుండ్రంగా కట్టుకునే ఇల్లు. మంగళవారం సెలవు. మొసళ్ల పార్కుకు సోమవారం సెలవు. ఈ రెండూ తెలియక గేటు దాకా వెళ్లి వెనక్కి వస్తుంటారు.

హైదరాబాద్ నుంచి రైల్లో వచ్చేవాళ్లు చార్మినార్ ఎక్స్‌ప్రెస్‌లో తాంబరం దాకా వచ్చేయండి, సెంట్రల్‌లో దిగి ఊరంతా దాటి రావాల్సిన పని తప్పుతుంది. తాంబరం నుంచి కేళంబాక్కం బస్సు, అక్కడి నుంచి ఆటో.

చివరగా, ఇప్పటికే ఆ నెలన్నరలో బుక్ చేసుకున్నవాళ్ల కోసం. నేరుగా మాకు యూపీఐ చేసినవాళ్లకు మొత్తం డబ్బు ఈ వారంలోనే అదే నంబరుకు వచ్చేస్తుంది. డబ్బు వద్దు, తేదీ మార్చండి అంటే జనవరి, ఫిబ్రవరి, మార్చిలో ఏ తేదీకైనా పాత 600 ధరకే మారుస్తాం, సంక్రాంతి మూడు రోజులతో సహా. బుకింగ్ సైట్ల ద్వారా తీసుకున్నవాళ్లు మాత్రం దయచేసి మీరు క్యాన్సిల్ నొక్కకండి. మీరు నొక్కితే వాళ్ల రూల్ ప్రకారం డబ్బులో కోత పడుతుంది. మేమే మా వైపు నుంచి రద్దు చేస్తాం, అప్పుడు మీకు పూర్తిగా వస్తుంది. అక్టోబర్ 10 లోపు రద్దయినట్టు మెసేజ్ రాకపోతే మాకు ఫోన్ చేయండి.