మంత్రిగారూ, ఆ దారిలో ఒకసారి చెప్పుల్లేకుండా నడవండి

ఆంధ్రప్రదేశ్ పురపాలక, పట్టణాభివృద్ధి శాఖ మంత్రిగారికి,

విషయం: విజయవాడ కనకదుర్గ ఫ్లైఓవర్ కింద అందమైన నడకదారి

నమస్కారం.

నేను విద్యాధరపురంలో ఉంటాను. మా అమ్మకి డెబ్బై దాటాయి. పున్నమి వస్తే ఇంద్రకీలాద్రి గిరిప్రదక్షిణకి బయల్దేరుతుంది. మోకాళ్లు మాట విన్న నెల మొత్తం తిరుగుతుంది, వినని నెల సగంలో ఆటో ఎక్కుతుంది. తోడు నేను. కొండ కింద కామధేనువు అమ్మవారి గుడి దగ్గర మొదలై కుమ్మరిపాలెం, మా విద్యాధరపురం, పాలఫ్యాక్టరీ, చిట్టినగర్, కొత్తపేట, బ్రాహ్మణవీధి మీదుగా మళ్లీ కొండ దగ్గరికే చేరే దారి అది. ఏడెనిమిది కిలోమీటర్లు ఉంటుంది. మొదటి ముక్కలో ఫ్లైఓవర్ మనతోపాటే నడుస్తుంది.

మొన్నొక పున్నమికి దారిలో లేచి ఉన్న టైలు అంచు తగిలి అమ్మ బొటనవేలి గోరు ఊడింది. కాసేపు కూర్చోబెట్టి, ధ్యాస మళ్లించడానికి, "ఎప్పటికైనా ఈ ఫ్లైఓవర్ కింద లైట్లు పెట్టి, పిల్లర్ల నిండా బొమ్మలు వేయిస్తే ఎంత బాగుంటుందో కదమ్మా" అన్నాను. ఆవిడ వేలు పట్టుకునే అంది: "తల ఎత్తి నడిచే దారి ఉంటే కదే బొమ్మలు చూసేది. నా కళ్లు రెండూ కాళ్ల దగ్గరే ఉంటాయి."

ఈ ఉత్తరం రాయడానికి కారణం ఆ మాటే.

ఫ్లైఓవర్ల కింద జాగాని సింగారించడం మన రాష్ట్రానికి కొత్త కాదు. రంగులేయడం, కుండీలు పెట్టడం, మెరిసే లైట్లు చుట్టడం ఏటా చూస్తూనే ఉన్నాం. 2028లో కృష్ణా పుష్కరాలు. 2016లో ఎలాగైతే ఘాట్లన్నీ ముస్తాబయ్యాయో ఈసారి కూడా అవుతాయి, అందులో ఈ ఫ్లైఓవర్ కింది జాగా వంతు వస్తుందనే నా నమ్మకం. నేను కోరేది ఒక్కటే. ఆ పని పిల్లర్ల దగ్గర కాకుండా నేల దగ్గర మొదలుపెట్టండి. మిగతా ఊళ్లలో ఫ్లైఓవర్ కింద నడిచేవాళ్లకి బూట్లో చెప్పులో ఉంటాయి. ఇక్కడ వేలమంది వట్టికాళ్లతో నడుస్తారు. ఇలాంటి ఫ్లైఓవర్ దేశంలో ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి.

ఒకసారి వాళ్లెవరో చూద్దాం. దసరా పది రోజులు, అందులోనూ మూలా నక్షత్రం నాడు అమ్మవారు సరస్వతీదేవి అలంకారంలో ఉండే రోజు, అర్ధరాత్రి నుంచే క్యూ కడతారు. డిసెంబరులో దీక్ష విరమణకి ఎర్రబట్టల భవానీలు, నెత్తిన ఇరుముడి, రాష్ట్రం నలుమూలల నుంచీ నడిచి వచ్చి ఉంటారు. పున్నమికి మా అమ్మలాంటివాళ్లు. రోజూ తెల్లారకముందే నదిలో మునిగి, తడిబట్టలతో నీళ్లు కార్చుకుంటూ గుడికి వెళ్లేవాళ్లు. వీళ్లు కాక పూలబుట్టతో, కొబ్బరికాయల బస్తాతో వచ్చే అమ్మకందార్లు. నెత్తిన మోత ఉన్న మనిషి కిందికి వంగి చూడలేడు, నేల ఎలా ఉందో పాదం చెబితేనే తెలుస్తుంది.

కాబట్టి పాలిష్ గ్రానైట్ వద్దు. ఫొటోలో బాగుంటుంది, తడికాలు పడితే జారుతుంది. నల్ల కడపరాయి కూడా వద్దు, నీడ తప్పిన చోట ఏప్రిల్‌లో అది పెనమే. ఊరిని బ్లేజ్‌వాడ అని ఊరికే అనలేదు కదా. లేత రంగు రాయి, గరుకుగా చెక్కింది, రాయికీ రాయికీ మధ్య వేలు దూరనంత సందు, అంచులు కొట్టేసినవి. పేవర్ బ్లాకులైతే ఒకటి కుంగితే పక్కది కత్తిలా లేస్తుంది, మా అమ్మ వేలే సాక్ష్యం. చూపులేనివారి కోసం వేసే బొడిపెల పసుపు టైళ్లు తప్పనిసరిగా ఉండాలి, కాకపోతే అవి దారి మధ్యలో కాకుండా ఒక పక్కగా తిన్నగా సాగాలి. వాటి మీద బళ్లు పెట్టనివ్వకూడదు.

నీడ సంగతి ఒకటి గమనించాను. ఈ ఫ్లైఓవర్ దాదాపు తూర్పు పడమరలుగా ఉంది, ఉత్తరాన కొండ, దక్షిణాన నది. మే నెలలో మధ్యాహ్నం సూర్యుడు మన నడినెత్తిన ఉంటాడు, నీడ సరిగ్గా ఫ్లైఓవర్ కిందే పడుతుంది. డిసెంబరులో సూర్యుడు దక్షిణానికి వాలతాడు, నీడ కొండవైపు జరుగుతుంది. అంటే భవానీలు వచ్చే నెలలో నీడ ఒకచోట, ఎండాకాలంలో ఒకచోట. డ్రాయింగు గీసేవాళ్లు రెండు కాలాల్లోనూ మధ్యాహ్నం పన్నెండుకి అక్కడ నిలబడి సుద్దముక్కతో గీత గీసుకుంటే చాలు, దారి ఎక్కడ వేయాలో ఆ గీతలే చెబుతాయి. కంప్యూటర్ కూడా చెబుతుందనుకోండి, కానీ కాలు చెప్పినంత గట్టిగా చెప్పదు.

వాన వచ్చినప్పుడు ఇంకో కథ. పైనున్న రోడ్డు నీళ్లు గొట్టాల్లోంచి దిగుతాయి, వాన ఆగినా ఇంకా కారుతుంటాయి. మడి కట్టుకున్న మనిషి నెత్తిన ఆ నల్లటి నీళ్లు పడితే ఎలా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు. గొట్టాలన్నీ నేరుగా భూమిలోని కాలవలోకి దిగాలి. మొక్కలకి మాత్రం ఫ్లైఓవర్ కింద వాన పడదు, ఎండా అంతంతే. పూలమొక్కలు పెట్టి నెలకోసారి మార్చే బదులు నీడలో బతికే తీగలు పెట్టి డ్రిప్ ఇవ్వండి. తమలపాకు తీగకి నీడే ఇష్టం. అమ్మవారి దారిలో తమలపాకు పందిరి ఉంటే కాదనేవాళ్లు ఎవరు? (ఆకులు కోసుకుపోతారు, తెలుసు. కోసుకోనివ్వండి.)

ఇక అలంకారం. అది వద్దని నేననడం లేదు. అసలు ఈ ఫ్లైఓవర్ అడుగు భాగమే అందంగా ఉంటుంది. మధ్యలో వెన్నెముకలాంటి దూలం, దానికి అటూ ఇటూ రెక్కలు. ఇంజినీర్లు దీన్ని స్పైన్ అండ్ వింగ్ అంటారు. కింద నిలబడి చూస్తే పెద్ద పక్షి పొట్ట కింద ఉన్నట్టుంటుంది. దానికి కింది నుంచి మెత్తటి పసుపు వెలుగు ఒకటి వేస్తే చాలు. రంగులు మారే లైట్లు పెళ్లిపందిరికి బాగుంటాయి, బండి నడిపేవాడి కళ్లలో పడితే ప్రమాదం. నడిచేవాళ్లకి వెలుగు మోకాలి ఎత్తులో, నేల మీద పడాలి.

పిల్లర్ల మీద బొమ్మలంటే మనకి కథ దొరక్క కాదు. అర్జునుడు తపస్సు చేసింది ఈ కొండ మీదేనని స్థలపురాణం. విజయుడి పేరే ఊరికొచ్చిందంటారు. తపస్సు, అడవిపంది, ఎరుకల వేషంలో శివుడు, ఒకే పందికి ఇద్దరి బాణాలు, వాదులాట, కుస్తీ, చివరికి పాశుపతం. ఒక పిల్లరుకి ఒక ఘట్టం చొప్పున వేస్తే నడిచేవాడు కథలోంచి నడుస్తాడు. పిల్లలు తర్వాతి పిల్లరు కోసం అమ్మని లాక్కెళ్తారు. ఈ హైవే మీదుగా కాస్త ముందుకెళ్తే కొండపల్లి. తెల్లపొణికి కర్రతో బొమ్మలు చేసే కుటుంబాలు అక్కడే ఉన్నాయి. ఆ బొమ్మల ముఖాలు, ఆ రంగులు పెట్టి గీయించండి, టెండర్లో తక్కువకి పాడిన ఫ్లెక్సీ బొమ్మలు కాదు.

కానీ బొమ్మ మనిషి ఎత్తు పైనుంచి మొదలవ్వాలి. కింది భాగంలో దేవుణ్ణి వేస్తే ఉమ్మరనే ఆశ మనకి ఉంది, ఉమ్ముతారనే అనుభవమూ ఉంది. అక్కడ ఉత్త కాంక్రీటు, కడిగితే పోయే రంగు, అంతే. పిల్లర్ల చుట్టూ రాళ్లు, పలకలు అతికించొద్దు కూడా. పగుళ్లు వస్తే ఇంజినీర్ల కంటికి కనపడాలి.

ముంబైలో మాటుంగా ఫ్లైఓవర్ కింద నానాలాల్ డి. మెహతా గార్డెన్ అని ఒకటుంది. పార్కింగులకీ చెత్తకీ పోకుండా ఆ జాగాని చుట్టుపక్కల జనమే పట్టుబట్టి కాపాడుకున్నారు, 2016లో పార్కయింది. దాదాపు 600 మీటర్ల నడకదారి, నర్మదా నది పారుతున్నట్టు నీలంగా మెలికలు తిరిగి ఉంటుంది. చాలా బాగుంది. అయితే మనకి నదిని నేలమీద గీయాల్సిన పనిలేదు, పక్కనే ఉంది. ఘాట్ల దగ్గర అడ్డంగా గోడలూ, హోర్డింగులూ లేకుండా కనపడనిస్తే చాలు.

కనపడే నది ఒకోసారి పైకీ వస్తుంది. 2024 సెప్టెంబరు 2న ప్రకాశం బ్యారేజీ నుంచి 11.43 లక్షల క్యూసెక్కులు వదిలారు, బ్యారేజీ చరిత్రలోనే అంత ఎప్పుడూ లేదు. కాబట్టి కరెంటు డబ్బాలు, స్విచ్చులు ఘాట్ మట్టాన పెట్టొద్దు. రెండోపక్క కొండ. 2020 అక్టోబరు 16న ఫ్లైఓవర్ మొదలైంది, 21న కొండ మీంచి బండలు జారాయి. ఐదే ఐదు రోజులు. కొండవైపు ఇనుప వల గట్టిగా లేని చోట బెంచీ వేయకండి, ఎంత నీడ ఉన్నా.

దసరా వచ్చిందంటే క్యూలైన్లకి ఇనుప పైపులు పాతాలి. టైళ్లు పగలగొట్టి పాతుతారు, పండగయ్యాక సిమెంటు ముద్ద పెడతారు, మరుసటేడు మళ్లీ పగలగొడతారు. దారి వేసేటప్పుడే పైపులు దిగే గుంటలు మూతలతో సహా పెట్టేస్తే ఈ తిప్పలు ఉండవు. మూతలు నేలకి సమంగా ఉండాలి, మళ్లీ మా అమ్మ వేలే. మంచినీళ్లు, మరుగుదొడ్లు, చెప్పుల స్టాండ్ ఎక్కడో మూల కాకుండా దారిలోనే కనపడాలి.

పూలు, కొబ్బరికాయలు, పసుపు కుంకుమ, గాజులు అమ్మేవాళ్లని సుందరీకరణ పేరుతో ఖాళీ చేయించకండి. తెల్లవారుజామున నాలుగింటికి ఆడవాళ్లు ఒంటరిగా ఆ దారిలో నడవగలిగితే అది సీసీ కెమెరా చూసి కాదు, పూలు గుచ్చుతూ కూర్చున్న మామ్మని చూసి. 2014 వీధి వ్యాపారుల చట్టం ఉండనే ఉంది. ప్లానులోనే వాళ్లకి గీతలు గీసి జాగా ఇస్తే, దారి మధ్యలోకి రావాల్సిన అవసరం వాళ్లకీ ఉండదు.

అన్నిటికన్నా టెన్షన్ పెట్టేది రోడ్డు దాటడం. కింద సిటీ బస్సులు, ఆటోలు, బైకులు తిరుగుతూనే ఉంటాయి. ఘాట్ నుంచి కొండ వైపుకి వెళ్లే చోట రోడ్డునే నడకదారి ఎత్తుకి లేపి దాటే చోటు కట్టండి. బండి అక్కడ ఎక్కి దిగాలి కాబట్టి తనే నిదానిస్తుంది. దేశంలో 2022 ఒక్క ఏడాదే రోడ్ల మీద 32,825 మంది పాదచారులు చనిపోయారని కేంద్రం లెక్కలే చెబుతున్నాయి. అడ్డంకుల్లేని ఫుట్‌పాత్ జీవించే హక్కులో భాగమని 2025 మేలో సుప్రీంకోర్టు అన్నది. రోడ్లకి ప్రమాణాలు రాసే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ నియమాల్లో ఫుట్‌పాత్‌కి కనీసం 1.8 మీటర్ల ఖాళీ వెడల్పు అడుగుతున్నారు. అది మామూలు వీధికి. భవానీల దారికి ఎంత కావాలో మీరే ఆలోచించండి.

మీకే ఎందుకు రాస్తున్నానంటే, ఫ్లైఓవర్ జాతీయ రహదారిది, ఘాట్లు జలవనరుల వాళ్లవి, క్యూలైన్లు దేవస్థానానివి, వీధిదీపాలూ ఊడుపూ నగరపాలక సంస్థవి, ట్రాఫిక్ పోలీసులది. నలుగురు పిలిచిన పెళ్లిలో ఎవరూ అన్నం వడ్డించనట్టు కాకుండా, వీళ్లందరినీ ఒక బల్ల చుట్టూ కూర్చోబెట్టే కుర్చీ మీది. హైవే జాగా వాడుకోవాలంటే 2002 నాటి జాతీయ రహదారుల (భూమి, ట్రాఫిక్) నియంత్రణ చట్టం ప్రకారం అనుమతి కావాలి, దానికీ టైం పడుతుంది. పుష్కరాలకి ఆరు నెలల ముందు మొదలుపెడితే మిగిలేది రంగులేసే టైమే.

ఒకటే మనవి. ఏదైనా ఒక పున్నమి తెల్లవారుజామున మీరూ మాతో రండి. కామధేనువు గుడి నుంచి కుమ్మరిపాలెం దాకా చాలు, చెప్పులు విప్పి. మీ పాదానికి గుచ్చుకున్న ప్రతి చోటునీ పక్కనున్న ఇంజినీరుగారు రాసుకుంటే ప్లాను సగం తయారైనట్టే. వచ్చే సంగతి మాత్రం ముందుగా ఎవరికీ చెప్పకండి. చెబితే ఆ రోజు దారంతా ఊడ్చి, నీళ్లు చల్లి, లేచిన టైళ్ల మీద ఎర్ర తివాచీ పరిచేస్తారు.

ఇట్లు,
విద్యాధరపురం నుంచి, గిరిప్రదక్షిణలో అమ్మ వెనకాల నడిచే ఒక కూతురు