పోరుమామిళ్లకు చరిత్ర లేదనడం అన్యాయం

సంపాదకులకు నమస్కారం.

గత వారం మీ పత్రిక జిల్లా పుటలో కడప జిల్లా పోరుమామిళ్లను గురించి ప్రచురించిన ప్రత్యేక కథనం చదివిన నాటి నుంచి మనసు ఊరుకోక ఈ లేఖ రాస్తున్నాను. కరువును గురించి, వలసలను గురించి, రోడ్లను గురించి రాయడం పత్రిక చేయవలసిన పనే కనుక అందులో నాకు ఆక్షేపణ లేదు. అయితే ఆ ఊరికి చెప్పుకోదగిన గతమే లేదన్నట్టు, వానలు పడితే పండించుకుని పడకపోతే అప్పు చేసే మెట్ట రైతుల మండల కేంద్రం మాత్రమే అన్నట్టు ఒక్క ముక్కలో తేల్చివేయడం మాత్రం సహించరానిది.

ఆ ఊరి చెరువును క్రీస్తు శకం 1369లో, అంటే శాలివాహన శకం 1291లో, విజయనగర ప్రభువు మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కర భవదూరుడు ఉదయగిరి రాజ్యాన్ని ఏలుతూ కట్టించాడు. దాని పేరు అనంతరాజ సాగరం. నాలుగు సహజమైన గుట్టల మధ్య ఉన్న ఖాళీలను మూడు మట్టికట్టలతో మూసి, వాటికి కడప బండలు పరిచి నిలబెట్టిన ఆ కట్ట ఆరువందల యాభై ఏళ్లు దాటినా నేటికీ ఊరికి ఆధారంగా ఉంది. నేలను చదివి, గుట్టలను ఎక్కడ వాడుకోవాలో, మట్టిని ఎక్కడ పోయాలో ముందే నిర్ణయించుకున్న వారి పని అది.

ఈ సంగతి ఊహించి చెబుతున్నది కాదు. ఆ చెరువును ఎవరు, ఎప్పుడు కట్టించారో భైరవాలయం ముందు రెండు రాతి పలకలపై చెక్కించిన సంస్కృత శాసనంలోనే ఉంది. సంస్కృత పండితుడు విష్ణు సుక్తాంకర్ దానిని పరిష్కరించగా, శాసనాల పాఠాలను ప్రచురించే ‘ఎపిగ్రాఫియా ఇండికా’ 14వ సంపుటంలో అచ్చయి వందేళ్లు దాటింది. రోజుకు వెయ్యిమంది కూలీలు పనిచేశారని, తూము, గోడల రాతిపనికి వంద బండ్లు నడిచాయని, పని పూర్తి కావడానికి రెండేళ్లు పట్టిందని ఆ శాసనం చెబుతుంది. ఆనాటి పాలకులు తమ గొప్పను చెప్పుకోవడంతో ఆగకుండా, మంచి చెరువుకు ఉండవలసిన పన్నెండు అంగాలను, ఉండకూడని ఆరు దోషాలను కూడా రాతిమీద రాయించి భావి తరాలకు వదిలిపెట్టారు. నా దృష్టిలో ఆ ఊరి అసలు చరిత్ర అదే.

ధర్మబుద్ధి, ధనం, కీర్తికాంక్ష గల ప్రభువు ఉండాలన్నది మొదటి అంగం. ఆ వెంటనే, జలశాస్త్రం తెలిసినవాడు ఉండాలన్నారు. గట్టి బంకమట్టి నేల, దూరం నుంచి మంచినీటిని మోసుకువచ్చే నది, చెరువును ఆనుకున్న కొండ, ఆ కొండల మధ్య మరీ పొడవు కాకుండా గట్టిగా కట్టిన రాతికట్ట, లోతూ వైశాల్యమూ గల గర్భం, పొడవైన తిన్నని రాళ్లు దొరికే గని, చదునైన సారవంతమైన ఆయకట్టు, చివరగా చెరువు పని తెలిసిన నేర్పరులైన మనుషులు కావాలన్నారు. దోషాలలో కట్టలోంచి నీరు ఊరడం, ఉప్పు నేల, చెరువు గర్భం మధ్యలో తాబేలు వీపులా మిట్ట ఉండడం ఉన్నాయి. రెండు రాజ్యాల సరిహద్దున చెరువు ఉండడం కూడా దోషమే అన్నారు. నీటి పంపకాల కోసం రాష్ట్రాలు ట్రిబ్యునళ్ల చుట్టూ తిరుగుతున్న ఈ రోజులలో ఆ ఒక్క వాక్యం చదివినా ఆనాటి వారి ముందుచూపు అర్థమవుతుంది. నీరు తక్కువై ఆయకట్టు ఎక్కువ కావడం, నీరు ఎక్కువై నేల తక్కువ కావడం మిగిలిన రెండు దోషాలు. ఎన్నికల ముందు ఆయకట్టు అంకెలను పెంచి ప్రకటించే నాయకులు వీటిలో మొదటిదానిని తప్పక చదవాలి.

ఇలాంటి ఊళ్లు రాజులు కట్టించిన చెరువులతోనే బతకలేదు. రాయలసీమలో చెరువును తవ్వించినవారికీ, బాగుచేస్తూ ఉండేవారికీ దశబంధం పేరిట మాన్యం, అంటే ఆ సేవకు ప్రతిఫలంగా భూమి, ఇచ్చేవారు. నీరుగంటి తూము తీసి మూసి, ఎవరి మడికి ఎప్పుడు నీరు పారాలో చూసేవాడు. కట్ట తెగితే ఆ మాన్యం అనుభవించేవాడు ఊరికి జవాబు చెప్పవలసి వచ్చేది. 1800లో నిజాం ఇచ్చివేయగా ఈ సీమ దత్తమండలంగా ఈస్టిండియా కుంపిణీ చేతికి పోయిన తరువాత, 1858లో ఏర్పడిన ఇనాం కమిషన్ ఇలాంటి మాన్యాల లెక్కలు తేల్చిన తరువాత, చెరువు బాధ్యత మెల్లగా ఊరి చేతిలోంచి జారి కచేరీ దస్తాలలోకి వెళ్లిపోయింది. స్వాతంత్ర్యం వచ్చాక కూడా ఆ దారి మారలేదు. 1997 చట్టంతో నీటి సంఘాలు వచ్చినప్పుడు రైతులు ఎంతో ఆశపడ్డారు. కానీ ప్రభుత్వం మారినప్పుడల్లా ఆ సంఘాల సంగతి మొదటికి వస్తోంది. వాగుల నుంచి చెరువులకు నీరు తెచ్చే కాలువలు పూడిపోయినా, చెరువు పోరంబోకులో ఇళ్ల పట్టాలు వెలసినా, జిల్లా జిల్లాలోనూ అధికారుల సమాధానం ఒక్కటే: నిధులు రాగానే అంచనాలు వేస్తాం. పూడిక తీయకుండా కట్టమీద మట్టి పోసి, రంగులు వేసి, శిలాఫలకం పెట్టి ప్రారంభోత్సవం చేయడాన్ని అభివృద్ధి అనిపించుకోవడం ఈ తరానికే చెల్లింది.

విలేకరులు కూడా ఈ పరిస్థితికి బాధ్యత వహించాలి. అధికారులు ఇచ్చిన ప్రకటనలోని విస్తీర్ణమూ, నీటి నిల్వా రాసి, శాసనం వైపు తొంగిచూడకుండా కథనం ముగించడం పత్రికలకు అలవాటైపోయింది. ఒకప్పుడు మండలంలోని బడిపంతుళ్లే ఊరి శాసనాల వివరాలు రాసి పంపేవారు, పత్రికలు వాటిని అచ్చువేసేవి.

కనుక మీ పత్రికను కోరేది ఇది. ఆ శాసనం పూర్తి పాఠాన్ని తెలుగు తాత్పర్యంతో సహా ప్రచురించండి. పన్నెండు అంగాలూ, ఆరు దోషాలూ తెలుగులో చెక్కించి చెరువు కట్ట మీద, ఊరి బడులలో నిలబెట్టవలసిందిగా పురావస్తు శాఖనూ, జలవనరుల శాఖనూ మీ సంపాదకీయంలో అడగండి. చెరువుల మరమ్మతుల అంచనాలకు ఆమోదం ఇచ్చే ముందు ఏ దోషాన్ని సరిచేయబోతున్నారో ఒక్కొక్క పనికీ రాతపూర్వకంగా చెప్పాలని ఇంజినీర్లను ప్రశ్నించండి.

ఇట్లు,
ఒక పాఠకుడు